మాటిచ్చింది ప్యాడ్ల గురించే

ఇది మహాకావ్యానికి సరిపోయే కథ. ఇందులో ఎడారి ఉంది, దాని చుట్టూ సముద్రం ఉంది. భార్యకు భర్త చేసిన శపథం ఉంది. దాన్ని అక్షరాలా నిలబెట్టుకోవడానికి అతను ఏళ్ల తరబడి చేసిన తపస్సు ఉంది. చివర్లో ఒక మరణం కూడా ఉంది. పద్యాలు వచ్చినవాళ్లయితే ఈపాటికి ఇష్టదేవతా ప్రార్థన పూర్తి చేసి ఉండేవారు. నాకు పద్యాలు రావు. పైగా ఆ శపథం చేసింది కారు బ్రేకు ప్యాడ్ల మీద. అవి కూడా ముందు చక్రాలవి మాత్రమే. చిన్న కారు కదా, వెనక డ్రమ్ము బ్రేకులుంటాయి, వాటికి ప్యాడ్లుండవు.

కిందటి శుక్రవారం ఇక్కడ బహ్రెయిన్‌లో మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివారు. కుర్చీలు ఎవరివి వాళ్లే మడిచి గోడకు ఆనించాలి. పక్కింటి గేటుకు అడ్డంగా తెల్ల కారు పెట్టినవాళ్లు వెంటనే తీయాలి. ఆ తర్వాత సంఘ పెద్ద కళ్లజోడు సర్దుకుని, "మన లిఫ్టు కాకగారు ఊళ్లో ప్రభువునందు..." అని ఆగిపోయారు. పోయిన మనిషి హిందువు. ఆయనకీ ప్రభువుకీ సంబంధం ఏమిటో మాలో ఎవరూ ఎప్పుడూ తేల్చలేదు. పెద్దగారు కాసేపు ఆలోచించి "నిద్రించారు" అని వాక్యం ముగించారు. అబద్ధమేమీ కాదు. మా ఆరాధనలో కాక వారం వారం చేసింది అదే.

ఆ తెల్ల కారు నాది. అంటే, ఒకప్పుడు ఆయనది. తీయడానికి బయటికి వెళ్లి, డ్రైవరు సీట్లో కూర్చుని, కాసేపు ఏమీ తీయలేదు. పక్కింటాయన కిటికీ కొట్టి, ఇక కదలమని, "యల్లా" అన్నాడు. దుఃఖం అక్కడితో సరి.

కాకది జగిత్యాల వైపు పల్లె. భవనాలు కట్టే కంపెనీలో పికప్ డ్రైవరు. నేను అమలాపురం వైపు వాణ్ణి, సిత్రాలో ఒక కంపెనీ స్టోర్లో సామాన్ల మీద ఉద్యోగం. ఇద్దరివీ నువైద్రాత్‌లో ఒకే మేడ మీద పక్కపక్క గదులు. ఆయన బహ్రెయిన్‌లో అంతకాలం ఉండి కూడా ఈ దేశాన్ని దుబాయి అనే పిలిచేవాడు. "కాకా, ఇది బహ్రెయిన్, దుబాయి వేరే ఊరు" అంటే, "ఎండ వేరే ఉన్నదా?" అనేవాడు.

సెలవు రోజుల్లో తన పాత జపాన్ కారులో లిఫ్టు నడిపేవాడు. లిఫ్టంటే నెలకింతని కుదుర్చుకున్న సీటు. శుక్రవారం పొద్దున నువైద్రాత్‌లో నేనెక్కేవాణ్ణి. అక్కణ్ణించి అవాలి వెళ్లి ఒక అక్కను ఎక్కించుకునేవాళ్లం. ఆవిడది తణుకు దగ్గర. అవాలిలో ఒక ఇంట్లో వంటపని. వారానికి ఆ ఒక్క పూటే ఆవిడకు గేటు బయటికి సెలవు, అదీ మధ్యాహ్నం భోజనాల దాకా. లిఫ్టు లేకపోతే ఆ పూట కూడా గేటు లోపలే. టాక్సీలో ఒంటరిగా పంపడానికి ఆ ఇంటావిడ ఒప్పుకోదు. కాకను మాత్రం ఒకసారి చూసి, ఇంత నెమ్మదిగా నడిపేవాడి వల్ల ఎవరికీ ప్రమాదం లేదని ఒప్పుకుంది.

నెమ్మది అనేది చిన్న మాట. ఆయన కారెక్కగానే చెప్పులు విప్పి సీటు కింద జతగా పెట్టేవాడు. స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి, ఎద్దుతో చెప్పినట్టు "ఇగ నడువు" అనేవాడు. భుజం మీది తువ్వాలుతో నుదుటి నుంచి గడ్డం దాకా ముఖం ఒకసారి తుడుచుకునేవాడు, పలక మీద రాసింది చెరిపేసినట్టు. ఇక బ్రేకు ముట్టుకునేవాడు కాదు. ఈ దేశంలో ఎటు పోయినా ముందొక రౌండబౌట్ వస్తుంది. అది ఎక్కడో చుక్కలా కనబడుతుండగానే ఈయన కాలు తీసేసేవాడు. రేవుకొచ్చే పడవలా కారు దానంతటది తేలుతూ అక్కడికి చేరేది. వెనకవాళ్ల హారన్ల సంగతి చెప్పను, సహవాసం వాళ్లు కూడా ఇది చదువుతారు.

"కాకా, కాస్త అక్కడిదాకా పోనిచ్చి ఆపొచ్చుగా?"

"ఆగేటందుకే పోతున్నం గద పిలగా. జెర ముందల్నుంచే ఆగుకుంట పోదాం."

దీని వెనక కథ నాకు ఫోను వల్ల తెలిసింది. భోజనాలయ్యాక హాలు పెరట్లో నీడ చూసుకుని, కాలింగు కార్డు గీకి నంబర్లు నొక్కి, కాక ఇంటికి ఫోను చేసేవాడు. చెవుడు లేదు గానీ ఫోను చెవికి దూరంగా పట్టుకుంటాడు. కాబట్టి అవతలి మాట మా అందరిదీ. ఆయన భార్య మొదటి మాట "తిన్నవా" కాదు, "పానం మంచిగున్నదా" కాదు.

"బ్రేకులెట్లున్నయ్?"

"మంచిగనే ఉన్నయ్," అనేవాడు కాక తల వంచుకుని.

అవతల ఒక నిట్టూర్పు. కొత్తగా వచ్చినవాళ్లు బ్రేకులంటే ఎవరో ఆస్పత్రిలో ఉన్న చుట్టాలనుకునేవారు. ఒకాయనైతే ప్రార్థనలో పేరు పెడదామన్నాడు.

సంగతేమిటంటే, ఇంటికి వచ్చేస్తానని కాక ఆమెకు చాలాసార్లు మాటిచ్చాడు. దసరాకన్నాడు, బిల్డింగు పని అయిపోగానే అన్నాడు, వీసా అయిపోగానే అన్నాడు. పండుగలు వచ్చి పోయాయి, బిల్డింగు పక్కన ఇంకో బిల్డింగు లేచింది, వీసా మళ్లీ కొట్టారు. చివరిసారి సెలవుకెళ్లినప్పుడు ఆమె తేదీలు ఒప్పుకోనంది. అరిగిపోయేది ఏదైనా చెప్పమంది. ఈయనకు ఆ నిమిషాన తోచింది కారు. "బ్రేకు ప్యాడ్లు మార్చే యాళ్లయింది. పోయి ఒక జత ఏస్త. అవ్వి అరిగినంక ఒక్క దినం గూడ ఉండ," అన్నాడు. ఆమె తమ్ముడు ఆటో నడుపుతాడు. అతన్ని పిలిచి అడిగింది. మహా అయితే ఏడాదిన్నర అన్నాడు. ఆమె సరేనంది. ఆ తమ్ముడు జగిత్యాలలో ఆటోను ఆపే పద్ధతి లెక్కన చెప్పాడు. బావ పద్ధతి వాడికి తెలియదు.

ఆ జత కొనడానికి జిదాఫ్స్ వెళ్లినప్పుడు నేను కూడా ఉన్నాను. బజారులో స్పేర్‌పార్టుల కొట్టు, లోపల పాకిస్తానీ భాయ్. కాక హిందీ ట్రాఫిక్ పోలీసులకు సరిపోయేంతే, అందుకని దుబాసీగా నేను. మూడు రకాలు బల్ల మీద పెట్టాడు భాయ్. మెత్తవి: చప్పుడు చెయ్యవు, బండి చెప్పినచోట ఆగుతుంది, త్వరగా అరుగుతాయి. మధ్యరకం: అన్నీ మధ్యస్థంగా ఉంటాయి, అందరూ కొనేవి. గట్టివి: లోపల లోహపు రజను కలిపి నొక్కినవి, లారీవాళ్లలా చప్పుడు చేస్తాయి, ఏళ్లకేళ్లు వస్తాయి.

కాక ఒక్కోదాన్ని గోటితో గీకాడు. వాసన చూశాడు. రెండేసి తీసి చెవి దగ్గర టకటక కొట్టి విన్నాడు, సంతలో కుండ కొన్నట్టు. గట్టివి ఖంగుమన్నాయి. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది. అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఆ వెలుగు నేను చూడలేదు, బిర్యానీ రోజుల్లో తప్ప.

"ఇవ్వి ఎన్నేండ్లొస్తయో అడుగు."

అడిగాను. భాయ్ నావైపు కాకుండా ఆయన వైపు చూసి చెప్పాడు: "చలేగా బహుత్. లేకిన్ చాచా, డిస్క్ ఖా జాయేగా."

"కాకా, ఇవి చాలాకాలం వస్తాయంట. కానీ డిస్కును తినేస్తాయంట. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం ఉంటుంది కదా, దాన్నే ఇవి పట్టుకుని ఆపేది. ఇవి అరగవు, అది అరుగుతుంది."

కాక శ్రద్ధగా విన్నాడు. గట్టి ప్యాడ్లను దగ్గరికి లాక్కున్నాడు.

"డిస్కు గురించి నేనేమన్న మాటిచ్చిన్నా? మాటిచ్చింది ప్యాడ్ల గురించే."

ఈ ముక్క హిందీలో చెప్పమన్నాడు. చెప్పాను. భాయ్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పొట్లం కట్టాడు.

అప్పటినుంచి మా కారు కీచుమనేది. ఎప్పుడో ఒకసారి తొక్కే బ్రేకు కదా, తొక్కినప్పుడు అవాలి వీధంతా వినబడేది. ఆ కీచు వినగానే అక్క చెంగు దోపుకుని గేటు దగ్గరికి వచ్చేది. హాలు దగ్గరైతే పాటల మధ్యలో వినబడేది. డోలక్ అబ్బాయి దానికోసం ఒక దెబ్బ ఖాళీ వదిలేవాడు. కాక లోపలికొచ్చి చెప్పుల స్టాండు పక్కన కుర్చీలో కూర్చుని, ప్రసంగం మొదలవగానే నిద్రపోయి, ఆఖరి ఆమెన్‌కు లేచేవాడు. "మీ అయ్యగారి గొంతు మంచిది చెల్లె, నాకు రూముల గింత నిద్ర రాదు" అని అక్కతో మెచ్చుకోలుగా అనేవాడు. అక్క ఆ మాట అయ్యగారికి సగమే చేరవేసేది.

ఇంటికి పోవడమంటే ఈయనకెందుకంత భయమో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒకరోజు అక్కే అడిగేసింది, తిరిగి అవాలి వెళ్తుంటే.

"ఏవండీ అన్నయ్యగారూ, అంత మంచావిడ పిలుస్తుంటే వెళ్లరేంటండీ? వెళ్తే ఏం పోతుందండీ?"

"పోయి ఏం జేస్త చెల్లె?"

"ఏం చేస్తారు, హాయిగా కూర్చుంటారు."

"యాడ కూసుంట?"

అక్కకు అర్థం కాలేదు. కాక రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పాడు. కిందటి సెలవులో కుర్చీలో కూర్చుంటే మనవడు వచ్చి నిలబడ్డాడట, అది వాడు టీవీ చూసే కుర్చీ. మంచం మీద కూర్చుంటే కోడలు బట్టలు మడత పెట్టుకోవాలి. అరుగు మీద కూర్చుంటే, అది భార్య బీడీలు చుట్టే చోటు. "నేను కూసుంటే ఆమె బీడీల చాట యాడ వెట్టుకోవాలె? నిలవడే ఉన్న సెలవంత. కాళ్లు గుంజినయ్. ఈడనన్న సీటున్నది." స్టీరింగు మీద అరచేత్తో తట్టాడు.

ఇలాంటప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. "కాకా, ఆ సీటు కూడా స్పాంజి పోయింది," అన్నాను. "గదైతే నిజం," అన్నాడు. ముందు రౌండబౌట్ ఎక్కడా లేకపోయినా కాలు తీసేశాడు.

ఏడాదిన్నర దాటింది. ఆటో తమ్ముడి మాట మీద ఆమెకు నమ్మకం పోయింది. వారం వారం బ్రేకులు మంచిగనే ఉన్నాయి. కాకే మంచిగా లేడు. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి గోడను చూస్తూ నిలబడేవాడు, అక్కడేదో రాసి ఉన్నట్టు. పికప్ డ్యూటీ, ఓవర్‌టైం, మళ్లీ శుక్రవారం లిఫ్టు. "ఒక శుక్రవారం మానెయ్యండి కాకా" అంటే, "చెల్లె గేటు కాడ నిలవడుతది గద" అనేవాడు. మీరేదో ఊహించుకుంటున్నారేమో, అలాంటిదేం లేదు. ఆయనకు ఆవిడ పేరు కూడా తెలియదు. ఎవరైనా నిలబడి ఎదురుచూస్తుంటే ఆయనకు చూడబుద్ధి కాదు, అంతే. ఎదురుచూసేవాళ్లలో ఒకరు జగిత్యాల దగ్గరున్నారు కదా అని నేనడగలేదు. ఎదురుగా అడిగేంత పెద్ద జోకు కాదది.

కారు ఏటేటా తనిఖీకి వెళ్లాలి. ఆ ఏడు బ్రేకుల దగ్గర ఆపేశారు. తొక్కితే స్టీరింగు వణుకుతోందన్నారు. సిత్రా షెడ్డులో మెకానిక్ చక్రం విప్పి లోపలికి చూసి, ఇంకో మెకానిక్‌ను పిలిచాడు. ఇద్దరూ కలిసి చూశారు.

"ఏమన్నరు?" అన్నాడు కాక, చెప్పుల్లేకుండా నూనె నేల మీద నిలబడి.

"ప్యాడ్ అచ్ఛా హై," అన్నాడు మెకానిక్ ఆశ్చర్యంగా. "డిస్క్ ఖలాస్."

నిజంగానే ఖలాస్. డిస్కు అంచున అన్నం పళ్లేనికి ఉన్నట్టు గట్టు లేచింది. మధ్యదంతా అరిగి పల్చబడి, గీతలు గీతలుగా మెరుస్తోంది. ప్యాడ్లు మాత్రం సగానికి పైగా అలాగే ఉన్నాయి. అంత గట్టి ప్యాడ్లు అంతకాలం అంత తక్కువ అరగడం తామెప్పుడూ చూడలేదని మెకానిక్‌లిద్దరూ కాకకు చెయ్యి కలిపారు. ఆయన్ని ఎవరైనా అభినందించడం నేను చూసింది అదొక్కసారే.

కాక ప్యాడ్లు చేతిలోకి తీసుకుని, మసి తువ్వాలుతో తుడిచి, చెవి దగ్గర కొట్టి విన్నాడు. ఖంగుమన్నాయి. కొత్త డిస్కులు వేసి ఈ ప్యాడ్లే మళ్లీ పెట్టడం కుదురుతుందా అని అడగమన్నాడు. మంచిది కాదు, కొత్త డిస్కుకు కొత్తవే వెయ్యాలి, కానీ మీ ఇష్టం, నునుపు చేసి పెట్టిస్తా అన్నాడు మెకానిక్. అంటే శపథం చెక్కుచెదరలేదు. కాక ఇంకో మూడు నాలుగేళ్లు నిశ్చింతగా ఈ దేశంలో ఉండొచ్చు. ఏ కోర్టుకెళ్లినా కేసు ఈయనదే.

"రేపు చెప్త," అన్నాడు మెకానిక్‌తో. కారు అక్కడే వదిలేశాం.

మర్నాడు శుక్రవారం. తెలిసినాయన కారు అడిగి తెచ్చి, అవాలి అక్కను ఎక్కించుకునే వెళ్లాం. కీచు వినబడక అక్క గేటు దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. భోజనాలయ్యాక కాక పెరట్లో ఫోను పట్టుకున్నాడు. అక్క, నేను ప్లేట్లు పట్టుకుని పక్కనే ఉన్నాం.

"బ్రేకులెట్లున్నయ్?"

కాక తల వంచలేదు. గోడ మీది ఏసీ డబ్బా వైపు చూస్తూ, "అరిగినయ్," అన్నాడు.

అవతల నిట్టూర్పు లేదు. లైను పోయిందనుకున్నాం. చాలాసేపటికి ఆమె గొంతు చిన్నగా వినబడింది. "ఒట్టేనా?"

"ఒట్టు."

కార్డు అయిపోయింది. కాక ఫోను జేబులో పెట్టుకున్నాడు. అక్క ఆగలేకపోయింది, నావైపు చెయ్యి చూపించింది. "అదేంటండీ అన్నయ్యగారూ! ప్యాడ్లు అరగలేదు కదండీ! ఈయన చెప్పాడు నాకు. ఒట్టు కూడా వేసేశారు!"

"ఏదో ఒకటి అరిగింది గద చెల్లె," అన్నాడు.

ఇలాంటి మాట విన్నాక అందరూ కాసేపు నిశ్శబ్దంగా ఉండటం మర్యాద. మేముండేవాళ్లమే. కానీ కాక ముఖం తువ్వాలుతో తుడుచుకుని, "కోడికూర మిగిలిందా?" అని అడిగాడు.

మిగల్లేదు.

షెడ్డులో కొత్త డిస్కులు, ప్యాడ్లు నేను వేయించాక, ఊరికి పోయే ముందు కారు నాకిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. నాకు అప్పటికి లైసెన్సు కొత్త, పరీక్షలో అనేకసార్లు తప్పి తెచ్చుకున్నది. నువైద్రాత్ వీధిలో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, తాను మొదటిసారి పక్కసీట్లో కూర్చున్నాడు. "బూట్లిప్పు," అన్నాడు. ఇప్పాను. "నడువు." నడిపాను. కాసేపటికి "ఆపు" అన్నాడు. ఠక్కున తొక్కాను. ఆయన నుదురు అద్దానికి తగిలినంత పనైంది. తిడతాడనుకున్నాను.

"మంచిగ ఆగింది," అన్నాడు అద్దంలోంచి బయటికి చూస్తూ. "ఏ ప్యాడ్లేయించినవ్?"

"మధ్యరకం కాకా."

"మంచిది. చెల్లెను మాత్రం నిలవడనియ్యకు." అంతే. విమానాశ్రయంలో కన్నీళ్లేవీ జరగలేదు. సామాను ఎక్కువైందని రెండు దుప్పట్లు తీసి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్లిపోయాడు. చెక్-ఇన్ వరసలో కూడా ముందువాడికి చాలా దూరం నుంచే అడుగులు తగ్గించడం చూశాను.

కిందటి శుక్రవారం ఆ ప్రకటన విన్నాక, పెరట్లో అదే నీడలో నిలబడి కాక ఇంటి నంబరుకు ఫోను చేశాను. ఇంతకాలం వింటూ ఉన్న గొంతుతో మొదటిసారి మాట్లాడటం. పక్కన అక్క. నేను ఫలానా అని చెప్పాను. ఆమెకు తెలుసు. కాకకు ఈ మధ్య దగ్గు ఎక్కువైందట. పగలు అన్నం తిని అరుగు మీద కూర్చున్నాడట, అలాగే పోయాడట.

"అరుగు మీదనా అమ్మా? మరి మీ చాట?" అని నోరు జారింది నాకు.

"చాట నేను లోపట వెట్టుకున్న బిడ్డా. చీకట్ల ఆకు మంచిగ కనవడది గని, ఏం జెయ్యాలె. ఆయన కూసోవాలె గద."

నా దగ్గర జోకేమీ లేదు. అక్క చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకేం మాట్లాడాలో ఆమెకూ తెలిసినట్టు లేదు. దుబాయి నుంచి ఫోనొస్తే అడిగే అలవాటు ప్రశ్న ఒకటే ఉంది ఆమె దగ్గర.

"బ్రేకులెట్లున్నయ్ బిడ్డా?"

"మంచిగనే ఉన్నయ్ అమ్మా," అన్నాను.

ఇది చదివేవాళ్లలో చిన్న కారు ఉన్నవాళ్లకు ఒక మాట. ఎక్కువకాలం వస్తాయని మరీ గట్టి ప్యాడ్లు వేయించకండి, మధ్యరకం చాలు. ప్యాడ్లు మార్చినప్పుడల్లా డిస్కు మందం కూడా కొలిపించండి. కనీసం ఎంత ఉండాలో మామూలుగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది. తుప్పు తుడిస్తే కనబడుతుంది.